అంటీ ముట్టనట్టు

మీ ఫోను టచ్‌స్క్రీన్‌ను మీరు ఇంతవరకు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

పొద్దున్నే అలారం ఆపడానికి వేలు పెట్టింది టెంపర్డ్ గ్లాసు మీద. దాని కింద జిగురు పొర. ఆ కింద కంపెనీ బిగించి పంపిన అసలు గాజు. వేలి రాకను పసిగట్టే సన్నటి గీతలు ఆ గాజుకు అవతలి పక్కన ఉంటాయి. గాజులు రెండూ, జిగురూ కలిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు మందం. ఫోను కొన్న రోజు నుంచి పగిలే రోజు దాకా వేలికీ ఆ గీతలకూ మధ్య ఆ మిల్లీమీటరు అలాగే ఉంటుంది. గ్యాలరీ తెరిచినా, రీలు జరిపినా, ఫోన్‌పే కొట్టినా అంతే.

అలాంటప్పుడు గాజును తాకకుండా దానికి రెండు సెంటీమీటర్ల ఎత్తున గాలిలో ఆగిన వేలిని కూడా స్క్రీన్ కనిపెట్టగలదంటే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. స్క్రీన్‌కు తాకడం అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది దగ్గర, దూరం అంతే. వేలు ఎంత దగ్గరికొస్తే ముట్టినట్టు లెక్క అనే హద్దును ఎక్కడో ఒక ఇంజనీరు గీశాడు. ఆ గీతను కొంచెం పైకి జరిపితే గాలిలో వేలూ లెక్కలోకి వస్తుంది. కిందికి జరిపితే గట్టిగా ఆనించిన వేలు కూడా లెక్కలోంచి పోతుంది. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీది చౌటుప్పల్‌లో ఏ మొబైల్ దుకాణం ముందు ఒక పూట నిలబడినా ఈ రెండో రకం వాళ్లు కనిపిస్తారు.

"బిడ్డా, టచ్ పని చేస్తలేదు, జర చూడు."

"పనిచేస్తది పెద్దమ్మా, నీ వేలే పడ్తలేదు."

దుకాణంలో పిల్లవాడు తన వేలితో గీస్తే స్క్రీన్ బుద్ధిగా కదులుతుంది. పెద్దమ్మ గీస్తే బిగుసుకుపోతుంది. ఫోను అదే, గాజు అదే, వేలే వేరు. ఇది ఫోను మొండితనమూ కాదు, పెద్దమ్మ చేతకానితనమూ కాదు. ఆ హద్దు గీత ఎవరి వేలిని కొలిచి గీశారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

పడుగు, పేక

స్క్రీన్ లోపల ఏముందో చూడాలంటే ఫోను విప్పనక్కర్లేదు. చౌటుప్పల్ మండలంలోనే ఉన్న కొయ్యలగూడెం వెళ్లి మగ్గం చూస్తే చాలు. ఇక్కత్ నేతకు పేరున్న ఊరు అది. నిలువు నూలు పడుగు, అడ్డ నూలు పేక. నేతకు ముందే నూలును కొలత ప్రకారం చిట్కి కట్టి, రంగులో ముంచి, ఆరబెడతారు. డబుల్ ఇక్కత్‌లోనైతే పడుగుకూ పేకకూ రెండింటికీ ముందే రంగు వేసి ఉంటుంది. నేసేటప్పుడు ఏ పడుగు పోగు మీద ఏ పేక పోగు ఎక్కడ కలుస్తుందో అక్కడే పువ్వు తేలాలి. ఒక్క పోగు జరిగినా పువ్వు అంచు చెదురుతుంది. అందుకే నేతగాడి కన్ను పోగుల మీద కంటే పోగులు కలిసే చోట్ల మీద ఎక్కువ ఉంటుంది.

ఫోను గాజు కింద ఉన్నదీ ఇలాంటి అల్లికే. ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని కంటికి కనిపించనంత పల్చగా పూసి, నిలువు గీతలు కొన్ని, అడ్డ గీతలు కొన్ని చెక్కుతారు. ఈ పదార్థంలో కరెంటు పారుతుంది, వెలుగూ దూరి బయటికొస్తుంది. అందుకే దాని అడుగున ఉన్న బొమ్మ మనకు కనిపిస్తుంది. గీతకూ గీతకూ ఎడం నాలుగైదు మిల్లీమీటర్లు. ఉదాహరణకు అడ్డంగా 32, నిలువుగా 16 గీతలున్నాయనుకుందాం. అవి ఒకదాన్నొకటి దాటే చోట్లు 512. కంట్రోలర్ చిప్ ఒక అడ్డ గీతకు చిన్న విద్యుత్ పల్స్ ఇచ్చి, నిలువు గీతలన్నిటి మీదా దాని ప్రభావం ఎంతుందో చదువుతుంది. తర్వాతి గీత, ఆ తర్వాతిది. నాడె ఒక్కో పేక పోగును దాటించినట్టే ఒక్కో వరుస. సెకనుకు 120 సార్లు స్క్రీనంతా ఇలా తిరిగొస్తే 61,440 రీడింగులు. మీరు వేలు పెట్టినా పెట్టకపోయినా, స్క్రీన్ వెలుగుతున్నంతసేపూ ఈ నేత ఆగదు.

పోలిక చెడేది ఒక్కచోట. మగ్గం మీద పడుగూ పేకా ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి. స్క్రీన్‌లో ఎప్పుడూ తగలకూడదు. మధ్యలో కరెంటు పారని పల్చటి పొర ఉంటుంది. తగలకుండా పక్కపక్కనే ఉన్న రెండు వాహకాల మధ్య విద్యుత్ క్షేత్రం ఒకటి ఏర్పడుతుంది. కొంత విద్యుదావేశం అక్కడ నిలుస్తుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో కెపాసిటెన్స్ అని చదువుకున్నది దీన్నే. అక్కడ మన లెక్కలన్నీ కెపాసిటర్ పలకల మధ్య ఉన్న క్షేత్రం మీద చేశాం. పలకల అంచుల దగ్గర క్షేత్రం బయటికి ఉబుకుతుందని మాస్టారు ఒక్క మాట చెప్పి, దాన్ని వదిలేయమన్నారు. టచ్‌స్క్రీన్ వ్యాపారమంతా ఆ వదిలేసిన అంచు మీదే నడుస్తోంది.

వేలు ఏం దోస్తుంది?

ఆ ఉబికిన క్షేత్రం గాజును దాటి పైకి లేచి, విల్లులా వంగి, మళ్లీ కిందికి దిగుతుంది. గాజుకు పైన గాలిలో కూడా కొంత ఉంటుంది. మన ఒంట్లో ఉప్పు నీరు ఎక్కువ. విద్యుత్ దృష్టిలో వేలంటే నేల దాకా సాగిన ఒక వాహకం. వేలు దగ్గరికి రాగానే అడ్డ గీత నుంచి నిలువు గీతకు చేరాల్సిన క్షేత్రంలో కొంత వేలి వైపు మళ్లుతుంది. అంత మేరకు ఆ కూడలి దగ్గర కెపాసిటెన్స్ తగ్గుతుంది. ఆ తగ్గుదలే 'వేలు వచ్చింది' అన్న కబురు.

తగ్గేది ఎంత? కెపాసిటెన్స్‌ను ఫ్యారడ్లలో కొలుస్తారు. ఒక కూడలి దగ్గర ఉండేది పికోఫ్యారడ్ స్థాయిలో. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. వేలు వచ్చి తగ్గించేది అందులో కొద్ది భాగం. వేలు గాజుకు ఒక సెంటీమీటరు పైన ఉంటే ఆ కొద్దిలోనూ ఎన్నో రెట్లు కొద్ది, ఎందుకంటే ఎత్తుకు పోయే కొద్దీ ఈ క్షేత్రం గబగబా పడిపోతుంది. పైగా అంగుళం కూడా లేని దూరంలో, అదే గాజు అడుగున, స్క్రీన్ పిక్సెళ్లు సెకనుకు 60 సార్లో 120 సార్లో మారుతూ విద్యుత్ గోల చేస్తుంటాయి. ఆ గోలలో గాలిలో వేలి గుసగుస వినపడాలి.

ఇంత చిన్న తేడా పట్టుకోవాలంటే ముందు ఎవరూ లేనప్పుడు లెక్క ఎంతో తెలిసి ఉండాలి. చిప్ ప్రతి కూడలికీ అలాంటి మామూలు విలువ ఒకటి దాచుకుని, వేసవి ఎండకూ వానాకాలపు తేమకూ తగ్గట్టు దాన్ని మెల్లమెల్లగా సవరించుకుంటూ ఉంటుంది. కొత్త రీడింగు లోంచి మామూలు విలువ తీసేస్తే మిగిలేది వేలు. మిగిలింది హద్దు దాటితే ముట్టినట్టు. వేలి కొన ఏడెనిమిది మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి ఒకేసారి నాలుగైదు కూడళ్ల మీద పడుతుంది. ఏ కూడలిలో ఎంత తగ్గిందో చూసి నడిబొడ్డు ఎక్కడో లెక్కగడితే, గీతల ఎడం కన్నా ఎంతో చిన్న కొలతలో వేలి చోటు దొరుకుతుంది. తెలుగు కీబోర్డులో 'ఒ' పక్కనే ఉన్న 'ఓ' సరిగ్గా పడుతోందంటే ఈ లెక్క పుణ్యమే.

ఒక్క వేలికైతే సరే, రెండో వేలొస్తే?

గాలిలో వేలిని పట్టడానికి ఇంకో పద్ధతి ఉంది. గీతల జంటల మధ్య తేడా చూడకుండా, ఒక్కో గీతను విడిగా తీసుకుని, దానికీ నేలకూ మధ్య కెపాసిటెన్స్ ఎంతో చూడటం. దీన్ని సెల్ఫ్ కెపాసిటెన్స్ అంటారు. గీత పొడుగునా ఉన్న క్షేత్రమంతా ఒకేసారి పనిచేస్తుంది కాబట్టి దీని చూపు దూరం. పక్కపక్క గీతలను కలిపి ఒకే పెద్ద గీతలా వాడితే ఇంకా దూరం.

చిక్కు ఎక్కడంటే, ఇందులో తెలిసేది ఏ అడ్డ గీతో, ఏ నిలువు గీతో మాత్రమే. ఒక్క వేలుంటే ఒక అడ్డం, ఒక నిలువు, ఒకే కూడలి. రెండు వేళ్లుంటే రెండు అడ్డాలు, రెండు నిలువులు కదులుతాయి. అవి కలిసే చోట్లు నాలుగు. వాటిలో రెండే నిజం, మిగతా రెండూ దయ్యాలు. ఇంజనీర్లు కూడా వీటిని దయ్యాలనే పిలుస్తారు. ఫొటోను రెండు వేళ్లతో సాగదీసి పెద్దది చేయాలంటే ఈ పద్ధతి పనికిరాదు. దానికి ముందు చెప్పిన కూడలి పద్ధతే, అంటే మ్యూచువల్ కెపాసిటెన్సే, కావాలి. అది పది వేళ్లనైనా విడివిడిగా చెబుతుంది, కానీ దూరం చూడలేదు.

2012 మార్చిలో సోనీ ప్రకటించిన ఎక్స్‌పీరియా సోలా ఫోను ఈ రెండు పద్ధతులనూ ఒకే స్క్రీన్‌లో కలిపింది. ముట్టిన వేళ్లకు మ్యూచువల్, గాలిలో ఉన్న ఒక్క వేలికి సెల్ఫ్. ఒకే అల్లికను ఒక క్షణం ఇలా, మరు క్షణం అలా చదివేది. వేలు స్క్రీన్‌కు రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉన్నా బ్రౌజర్లో కింద ఉన్న లింకు వెలిగేది. కంప్యూటర్ మీద మౌసు బాణం పెట్టినట్టన్నమాట. 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4 'ఎయిర్ వ్యూ' పేరుతో ఇదే పని ఇంకా ఆర్భాటంగా చేసింది. ఆల్బమ్ మీద వేలు ఆడిస్తే లోపల ఏ ఫొటోలున్నాయో తెరవకుండానే చూపేది. అప్పట్లో దుకాణాల్లో ఇదో గారడీ. రెండు మూడేళ్లలో గారడీ ముగిసింది, ఫోన్లలోంచి ఆ సదుపాయమూ పోయింది.

ఎందుకు పోయింది? నా లెక్కలో మొదటి కారణం మనుషులే. వేలు గాలిలో ఆపి పట్టుకోవడం ఎవరికీ అలవాటు లేదు, చెయ్యి లాగుతుంది. ముట్టినప్పుడు గాజు చల్లగా వేలికి తగిలి పని అయిందని చెబుతుంది. గాలి ఏమీ చెప్పదు. వేలు అక్కడ ఉందని ఫోనుకు తెలుసో లేదో మనకు తెలియదు. నొక్కుదామని పోతూ దారిలో ఆగితే ఏదో తెరుచుకుంటుంది. రెండో కారణం గాజుల కింద ఉంది. ఫోన్లు పల్చబడే కొద్దీ స్పర్శ గీతలు పిక్సెళ్లకు మరీ దగ్గరయ్యాయి, గోల పెరిగింది. ఇంత శ్రమ పడి, బ్యాటరీ ఖర్చు పెట్టి, ఎవరూ వాడని పనిని ఎన్నాళ్లు మోస్తారు?

దాని లోటు మాత్రం ఇంకా ఉంది. కంప్యూటర్ కోసం కట్టిన పాత వెబ్‌సైట్లలో మౌసు బాణాన్ని పైన పెడితే తెరుచుకునే మెనూలుంటాయి. గాలిలో వేలి సంగతే తెలియని ఫోను వాటి ముందు తికమక పడుతుంది. అందుకే కొన్ని చోట్ల మొదటి నొక్కు 'పైన పెట్టినట్టు', రెండో నొక్కు 'నొక్కినట్టు'. ఏ దరఖాస్తు సైటులోనో ఒకే బటన్‌ను రెండుసార్లు నొక్కాల్సి వచ్చి, నెట్ స్లో అని విసుక్కునే వాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే.

ముందు గాలి, తర్వాత గాజు

చరిత్ర ఇక్కడ తలకిందులుగా నడిచింది. ముట్టకుండా చేతిని పసిగట్టే యంత్రమే ముందు పుట్టింది. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ తెర్మెన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక వాద్యం చేశాడు. దానికి నిలువుగా ఒక లోహపు కడ్డీ, పక్కన ఒక లోహపు వలయం. వాయించేవాళ్లు దేన్నీ ముట్టరు. కడ్డీకి చెయ్యి దగ్గర చేస్తే స్వరం పైకి పోతుంది, దూరం చేస్తే దిగుతుంది. రెండో చెయ్యి వలయం మీద ఎత్తి దించితే ధ్వని పెరిగి తగ్గుతుంది. చేతికీ కడ్డీకీ మధ్య కెపాసిటెన్స్ మారితే లోపలి సర్క్యూట్ పౌనఃపున్యం మారుతుంది, అంతే సూత్రం. ఎక్స్‌పీరియా సోలా తొంభై ఏళ్ల తర్వాత చేసింది ఇదే పనిని సన్నగా, పారదర్శకంగా.

గాజు మీద వేలు పెట్టే స్క్రీన్ గురించి తొలిసారి రాసింది బ్రిటన్‌లోని మాల్వర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ. ఎ. జాన్సన్. అది 1965. విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల కోసం ఆయన ఆలోచన. 1972 మార్చి 11న యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో బెంట్ స్టంపే అనే ఇంజనీరు, కొత్త యాక్సిలరేటర్ కంట్రోల్ రూమ్‌లో వేల మీటలూ నాబ్‌లూ పెట్టే బదులు ఒక కెపాసిటివ్ స్క్రీన్ పెడదామని చేతిరాతతో ఒక నోటు రాశాడు. ఆ స్క్రీన్లు నిజంగానే అక్కడ పనిచేశాయి. ఒకటికి మించిన వేళ్లకు ఒకేసారి జవాబు చెప్పే గాజు స్క్రీన్‌ను జనం జేబుల్లో పెట్టింది 2007 ఐఫోన్.

వీటన్నిటి మధ్య అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ హర్స్ట్ 1970ల తొలి ఏళ్లలో ఇంకో దారి తొక్కాడు. పైన మెత్తటి ప్లాస్టిక్ పొర, కింద గట్టి పొర, మధ్యలో సన్నటి ఖాళీ. నొక్కితే పై పొర వంగి కింది పొరకు తగులుతుంది, అక్కడ కరెంటు పారుతుంది. దీన్ని రెసిస్టివ్ స్క్రీన్ అంటారు. వేలైనా, పెన్ను మూతైనా, గోరైనా, గ్లౌజు తొడిగిన చెయ్యైనా దానికొకటే. ముట్టడం అంటే ఏమిటో నిజంగా తెలిసిన స్క్రీన్ ఇది. గాలిలో వేలు దీనికి ఎప్పటికీ కనపడదు.

చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల పరిశ్రమ పెద్దది. దివీస్ ల్యాబొరేటరీస్ తొలి యూనిట్ ఈ మండలంలోని లింగోజిగూడెం దగ్గరే ఉంది. రసాయనాలతో పని ఉన్న ఏ ఫ్యాక్టరీలోనైనా చేతికి గ్లౌజులు తప్పవు. ఇలాంటి చోట్ల యంత్రాల పక్కన ఉండే ప్యానళ్లకు రెసిస్టివ్ స్క్రీన్లు ఇప్పటికీ ఎందుకు నడుస్తున్నాయంటే కారణం ఇదే. మందపాటి రబ్బరు మధ్యలో పడితే మామూలు ఫోను స్క్రీన్‌కు వేలు దూరమైపోతుంది. షిఫ్టు దిగి గ్లౌజు తీశాకే ఫోను మాట వింటుంది.

అన్నీ ఒకే మాయ కాదు

ముట్టకుండా పనిచేసేవన్నీ ఒకే గాటన కట్టడం మనకు అలవాటు. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వస్తుంది. సంక్రాంతికి ఊళ్లకు పోయే కార్ల బారు టీవీల్లో ఏటా కనిపించే చోటు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో అద్దానికి అంటించిన స్టిక్కర్‌ను గేటు మీది యంత్రం మీటర్ల దూరం నుంచే చదువుతోంది. అది రేడియో తరంగం. పైన ఉన్న యాంటెన్నా తరంగం పంపితే, అందులోంచే శక్తి తీసుకుని, బ్యాటరీ లేని ట్యాగు తన నంబరు తిప్పి పంపుతుంది. స్క్రీన్ మీది గాలి వేలికి నంబరూ ఉండదు, ఎదురు జవాబూ ఉండదు. క్షేత్రానికి అడ్డు పడటమే దాని ఉనికి.

కాల్ వచ్చినప్పుడు ఫోను చెవికి ఆనిస్తే స్క్రీన్ ఆరిపోతుంది కదా, అదీ వేలి లెక్క కాదు. చాలా ఫోన్లలో పైఅంచున కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఒకటి కొడుతుంది, చెంప తగిలి వెనక్కి వస్తే దగ్గరున్నట్టు.

ఇదే ఇన్‌ఫ్రారెడ్ బళ్లలోకి పెద్దఎత్తున వచ్చింది. 2023 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నల్లబల్ల పక్కన పెద్ద ఇంటరాక్టివ్ ప్యానళ్లు వెలిశాయి. ఇంత పెద్ద ప్యానళ్లలో ఎక్కువ భాగం కెపాసిటివ్ రకం కావు. చట్రం ఒక అంచు నుంచి రెండో అంచుకు, అడ్డంగా, నిలువుగా, గాజుకు అతి దగ్గరగా వెలుగు కిరణాలు పరుగెడుతుంటాయి. ఏది అడ్డుపడితే అదే వేలు. అందుకే వేలు గాజుకు తగలకముందే గీత పడటం మొదలవుతుంది. టీచరమ్మ చీర కొంగు తగిలినా గీతే, సార్ చొక్కా చెయ్యి ఆనినా గీతే, వాలిన ఈగ కూడా ఒక్కోసారి విద్యార్థే. లెక్కల సారు సున్నా చుట్టి చెయ్యి తీసేటప్పుడు దానికి తోక మొలవడానికి కారణం ఇదే. చేతిని అంచు వైపు ఈడ్వకుండా నిటారుగా వెనక్కి తీసుకుంటే తోక రాదు.

నీళ్లు, నూనె, ఛార్జరు

తడి చేతితో ఫోను పట్టుకుంటే అది పిచ్చెత్తినట్టు ఆడుతుంది. నూనె చేతితో పట్టుకుంటే మరక పడుతుంది గానీ పని ఆగదు. విద్యుత్ క్షేత్రాన్ని తనలో ఇముడ్చుకునే గుణం గాలికి ఒకటి అనుకుంటే నూనెకు రెండు మూడు, గాజుకు ఐదు నుంచి ఏడు, నీటికి దాదాపు 80. చౌటుప్పల్ పక్క మండలం నారాయణపురంలోని పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి తయారు చేసే ఆ పనితనానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనె పట్టిన ఆ చేతుల కంటే, రంగు తొట్టిలోంచి అప్పుడే తీసిన చెయ్యే స్క్రీన్‌కు పెద్ద సమస్య.

వాన చినుకు ఇంకో తమాషా చేస్తుంది. వేలు కూడలిలో కెపాసిటెన్స్ తగ్గిస్తే, నేలతో సంబంధం లేని ఒంటరి చినుకు రెండు గీతల మధ్య వంతెనై దాన్ని పెంచుతుంది. మంచి చిప్ ఈ తేడా చూసి చినుకును వదిలేస్తుంది. కానీ ఆ చినుకు మీద వేలు పెట్టామంటే చినుకంతా వేలైపోతుంది. అప్పుడు బటన్ ఇక్కడుంటే నొక్కు అక్కడ పడుతుంది. తుడిచి నొక్కడమే మందు.

ఛార్జింగ్ పెట్టినప్పుడు స్క్రీన్ తనంతట తాను గెంతడం చాలామంది చూసే ఉంటారు. ఫోను పాడైందని దుకాణానికి తెస్తారు. చాలాసార్లు తప్పు ఛార్జరుది. సరైన వడపోత లేని చవక ఛార్జరు ఫోను మొత్తాన్నీ నేలతో పోలిస్తే పైకీ కిందికీ ఊపుతుంది. ఫోను ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు, దానితో పాటు అన్నీ ఊగుతాయి. నేల మీద నిలబడ్డ మనిషి వేలు పెడితే, ఊగని వేలికీ ఊగే ఫోనుకూ మధ్య తేడా అంతా సరిగ్గా ఆ వేలి దగ్గరే స్క్రీన్‌లోకి దూరుతుంది. చిప్‌లు గోల తక్కువున్న పౌనఃపున్యానికి గెంతి తప్పించుకోవాలని చూస్తాయి. ఛార్జరు తీసి అదే వేలితో నొక్కి చూస్తే తప్పెవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది.

కాయలు కాసిన వేళ్లు

ఇక పెద్దమ్మ సంగతి. గాజు మీద వేలు ఆనించినా స్క్రీన్ కొలిచేది చర్మాన్ని కాదు, చర్మం కింద తేమ ఉన్న కండను. పొడిబారి కాయ కాసిన చర్మం కరెంటుకు దాదాపు గాజుతో సమానం. అంటే టెంపర్డ్ గ్లాసు, దాని కింద గాజు, వాటి మీద ఆమె వేలి కాయ ఇంకో గాజు. కండ అంత మేరకు పైకి జరిగింది. మగ్గం మీద పోగులు లాగి, కలుపు తీసి, పత్తి ఏరి గట్టిపడ్డ వేలు స్క్రీన్ లెక్కలో గాజుకు ఆనలేదు, దాని పైన ఆగి ఉంది. దుకాణంలో పిల్లవాడు "నీ వేలు పడ్తలేదు" అన్నది ఉన్న మాటే.

రేషన్ దుకాణంలో వేలిముద్ర పడని బాధ దీనికి చుట్టమే, కానీ వేరు. అక్కడి యంత్రానికి వేలి మీది గీతలు కావాలి, అవి అరిగిపోతే మనిషే లేనట్టు. స్క్రీన్‌కు గీతలతో పని లేదు, తేమతో పని. అందుకే చెమట పట్టిన మధ్యాహ్నం నడిచిన ఫోను, చలికాలం పొద్దున అదే మనిషికి మొరాయిస్తుంది. వేలిని ఒకసారి అరచేతిలో రుద్దుకుని నొక్కితే ఎంతో కొంత పని జరుగుతుంది. ఫోను మంచం మీద పడేసి నొక్కడం కంటే చేతిలో పట్టుకుని నొక్కితే ఇంకా మేలు. పట్టుకున్న చెయ్యి ఫోనుకు నేలను అందిస్తుంది, వేలి సంకేతం బలపడుతుంది.

ముట్టకుండా పసిగట్టే పరిశోధన మాత్రం ఆగలేదు. 2022లో వచ్చిన ఐప్యాడ్ ప్రో తన పెన్సిల్‌ను 12 మిల్లీమీటర్ల ఎత్తు నుంచే చూస్తోంది. గెలాక్సీ నోట్‌తో 2011లో వచ్చిన ఎస్ పెన్ కూడా గాలిలో పనిచేస్తుంది, కానీ అది ఇంకో జాతి. స్క్రీన్ అడుగున ఉన్న తీగచుట్టలు పంపే అయస్కాంత క్షేత్రం నుంచి పెన్నులోని చుట్ట శక్తి తీసుకుని తన జాడ చెబుతుంది. గూగుల్ 2019లో పిక్సెల్ 4 ఫోనులో చిన్న రాడార్‌నే పెట్టింది. అది 60 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. మన దేశంలో ఆ బ్యాండుకు అనుమతి లేకపోవడంతో ఆ ఫోను ఇక్కడ అమ్మకానికే రాలేదు. 2020లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, జాగ్వార్ ల్యాండ్ రోవర్ కలిసి చూపిన కారు స్క్రీన్ ఇంకో అడుగు వేసింది. గతుకుల రోడ్డు మీద ఊగే వేలు ఏ బటన్ వైపు పోతోందో దారిలోనే ఊహించి, ముట్టకముందే దాన్ని ఎంచుకుంటుంది. రేపెప్పుడో కొత్త కారు కొనే ఎవరికో అది ఉపయోగపడొచ్చు.

పెద్దమ్మకు కావలసింది అంత పెద్దది కాదు. ఒకదాని మీద ఒకటి వేసిన, పగుళ్లు పడ్డ టెంపర్డ్ గ్లాసులు తీసి ఒక్కటే వేయించుకోవాలి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి పోయి, టచ్ సెన్సిటివిటీ అనే మీట ఉంటే ఆన్ చేయాలి. శాంసంగ్ ఫోన్లు చాలావాటిలో ఉంది, కొన్నిటిలో గ్లౌజు మోడ్ పేరుతో ఉంటుంది. అది చేసే పని హద్దు గీతను గాజు మీద నుంచి కాస్త పైకి ఎత్తడమే. దానికి బదులుగా ఫోను జేబులో, చీర మడతలో ఉండగా అనుకోని నొక్కులు పెరగొచ్చు, కాబట్టి స్క్రీన్ లాక్ వేసి పెట్టుకోవాలి.